కంప్యూటరు గడప

(బెంటన్‌విల్ తెలుగువారి సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగం పాఠం)



కూచిపూడి నాట్యానికీ భోజనాలకూ మధ్య ఇరవై నిమిషాలు మాకు కేటాయించిన కార్యవర్గంవారికి కృతజ్ఞులం. వంటశాల నుంచి గుత్తివంకాయ వాసన వస్తూవుండగా విశ్వవిద్యాలయాల కంప్యూటరు సేవల గురించి మాట్లాడడం సాహసమే. అయినా ఈ హాలులో కూర్చున్న కుటుంబాలలో సగానికి పైగా ఆ కంప్యూటర్ల మీదే బతుకుతున్నవి గనుక, విషయం మరీ పరాయిది కాదని ధైర్యం చేశాము.

మేము అంటే మేమిద్దరం, భార్యాభర్తలం. మైకు ముందు నిలబడింది ఒకరే అయినా ఈ కాగితాలు ఇద్దరం కలిసి రాసుకున్నవి. మాలో ఒకరిది సాఫ్ట్‌వేరు పని, మరొకరిది చంటిపిల్లల బడిలో పని. మీలో చాలామందిలాగానే మేమూ ఉద్యోగాన్ని వెంబడించి నాలుగు ఊళ్ళు తిరిగి, చివరకు ఈ ఊళ్ళో స్థిరపడ్డాము. మా పెద్దమ్మాయి మీకందరికీ తెలుసు. మొన్న సంక్రాంతికి ఇదే వేదిక మీద పాడింది. ఆమెకు చూపు లేదని కూడా తెలుసు. ఎందుకు లేదో చాలామందికి తెలియదు. మమ్మల్ని అడగడానికి మొహమాటపడ్డారు, చెప్పడానికి మేమూ మొహమాటపడ్డాము.

మాది మేనరికం. మా ఇద్దరిలోనూ ఒకే లోపం దాగివుండి, పైకి మాకేమీ తెలియకుండా, బిడ్డకు రెండువైపులనుంచీ సంక్రమించింది. ఇలాంటప్పుడు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందట. వైద్యులు రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. కంటి వెనుక ఉండే వెలుతురు పట్టే పొర కొద్దికొద్దిగా చచ్చుబడిపోతుంది. మొదట రాత్రి చూపు పోతుంది. సాయంకాలాలు సైకిలు తొక్కుతూ ఊరికే పడిపోతుంటే, దూకుడు పిల్ల అని కోప్పడేవాళ్ళం. ఆ కోపం తలచుకుంటే ఇప్పటికీ మనస్సు చివుక్కుమంటుంది. పదమూడేళ్ళు వచ్చేసరికి అక్షరం కనిపించడం మానేసింది. ఇంతకన్న ఈ సంగతి పెంచము. మేనరికాల మాట ఇంకా నడుస్తున్న ఇళ్ళలో పెళ్ళికి ముందు వైద్యులతో ఒకమాట మాట్లాడుకోండని మాత్రం మనవి.

ఇక్కడి బడులలో మా అమ్మాయికి లోటు జరగలేదు. వారానికి రెండుసార్లు ప్రత్యేక ఉపాధ్యాయిని వచ్చి బ్రెయిలీ నేర్పింది, తెల్లకర్ర పట్టుకు నడవడం నేర్పింది. స్క్రీన్ రీడర్ వాడడం కూడా ఆమే నేర్పింది. తెర మీద ఉన్న మాటలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము అది. దానికి మౌసు అక్కరలేదు, కీబోర్డు చాలు. మీటలు నొక్కుకుంటూ ఒక్కొక్క గడిలోకీ వెళ్ళి, అదేమిటో విని, జవాబు టైపు చేయడమే. మా అమ్మాయి దాన్ని ఎంత వేగంగా చదివించుకుంటుందంటే, పక్కన కూర్చున్న మాకు తేనెటీగల రొదలా ఉంటుంది తప్ప ఒక్క మాటా అర్థం కాదు. పన్నెండవ తరగతి మంచి మార్కులతో పూర్తిచేసింది. ఇక ఫరవాలేదు, గండం గడిచిందనుకున్నాము.

గడవలేదు. విశ్వవిద్యాలయాలకు దరఖాస్తులు పెట్టేకాలం వచ్చింది. ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం. చాలాచోట్ల ఇదే తంతు. ఆ రోజు అర్ధరాత్రితో గడువు. వ్యాసాలు ముందే రాసిపెట్టుకుంది. సాయంకాలం ఆరు గంటలకు తలుపు వేసుకుని కూర్చుంది. ఏడున్నరకు మేము తలుపు తెరిచేసరికి ఇంకా మొదటి పేజీలోనే ఉంది.

పుట్టిన తేదీ దగ్గర చిన్న క్యాలెండరు బొమ్మ ఉంది. మౌసుతో నొక్కితేనే తెరుచుకుంటుంది, టైపు చేస్తే ఒప్పుకోదు. ఇంటి చిరునామా కోసం ఉన్న గడులలోకి వెళితే స్క్రీన్ రీడర్ "రాయవలసిన గడి" అంటుంది, మళ్ళీ "రాయవలసిన గడి" అంటుంది. ఏది వీధో ఏది ఊరో చెప్పదు. సూచనల పత్రం తెరిస్తే "ఖాళీ పత్రం" అంది. అది కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన పి.డి.ఎఫ్.; అందులో కంటికి అక్షరాలున్నాయి గాని కంప్యూటరుకు లేవు. ఇవన్నీ తడుముకుంటూ ఉండగా ఇరవై నిమిషాలు మీటనొక్కలేదని పేజీ తనంతట తాను మూసుకుపోయింది. మళ్ళీ మొదటినుంచి. మనిషివో యంత్రానివో తేల్చుకుంటానంటూ, బస్సులున్న గళ్ళను ఎంచి చూపమని ఒక బొమ్మ వచ్చింది. బస్సులు కనపడని మనిషి మనిషి కాదు కాబోలు.

పదకొండు దాటింది. ఆఖరి పేజీ. దరఖాస్తు పంపే మీట ఒక బొమ్మ. ఆ బొమ్మకు పేరు లేదు. స్క్రీన్ రీడర్ దాన్ని "బటన్" అంది. దాని పక్కన ఇంకొక "బటన్". దాని కింద మరొక "బటన్". వాటిలో ఒకటి దరఖాస్తు పంపుతుంది, ఒకటి అంతా చెరిపేస్తుంది. తల్లి పక్కన కూర్చుని మౌసు పట్టుకుని సరైనదాన్ని నొక్కింది. పని అయిపోయింది. మేము ఊపిరి పీల్చుకున్నాము. మా అమ్మాయి కాసేపు ఊరుకుని, "అమ్మా, క్లాసులకు కూడా నువ్వు నాతో వస్తావా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. మాకు జవాబు తోచలేదు.

మర్నాడు మాలో సాఫ్ట్‌వేరు పని చేసేవారికి ఒక బుద్ధి పుట్టింది. తను ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పలు ఊళ్ళలో రాసిన పేజీలలాంటిదే ఒకటి, తన చేతిదే, తెరిచి, మౌసు తీసి సొరుగులో పెట్టి, తెర మీద తువ్వాలు కప్పి, ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత స్క్రీన్ రీడరును నడిపించి చూసుకున్నారు. ఇద్దరు ఆస్ట్రేలియా అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. కొనాలంటే ఖరీదైనవి ఉన్నాయి. దీన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పది నిమిషాలు గడిచాయి. "రాయవలసిన గడి, రాయవలసిన గడి, బటన్, బటన్."

అదే మాట. అవే గడులు. ముందురోజు రాత్రి మేము తిట్టుకున్న ఆ ఎవరో మనిషి తనలాంటివాడే. ఎవరికి తెలుసు, మన తెలుగువాడే అయివుండవచ్చు కూడా.

ఇది ఎలా జరుగుతుందో కంప్యూటరు తెలియని పెద్దలకు కూడా అర్థమయ్యేట్టు చెబుతాము. మన వంటింట్లో వరుసగా ఒకే రకం స్టీలు డబ్బాలు ఉంటాయి గదా. వాటిమీద చీటీలు ఉండవు. ఇంటి ఇల్లాలికి ఏది కందిపప్పో ఏది మినప్పప్పో చెయ్యి పెట్టకుండానే తెలుసు. అత్తగారు ఊరినుంచి వస్తే ప్రతి డబ్బా మూత తీసి చూడవలసిందే. కంప్యూటరు పేజీ కూడా అంతే. పక్కన "పేరు" అని రాసి, దాని కుడివైపున గడి గీస్తాము. కళ్ళున్నవాడు పక్కపక్కన ఉన్నాయి గనుక రెండూ ఒకటేనని గ్రహిస్తాడు. స్క్రీన్ రీడరుకు పక్క, పైన, కింద అన్న ఊహ లేదు; ఆ గడికి ఈ పేరు అని లోపల రాసివుంటేనే చదువుతుంది. ఆ రాసే మాటను ప్రోగ్రాము భాషలో లేబుల్ అనే అంటారు. చీటీ అన్నమాట. ఆనాడు మా ఇంటి ప్రోగ్రామరు తన పేజీలో ఉన్న పద్నాలుగు గడులకూ చీటీలు కట్టడానికి పట్టింది ఒక పూట మాత్రమే. ఇన్నేళ్ళూ ఎందుకు కట్టలేదంటే, ఎవరూ అడగలేదు, తనకూ తోచలేదు. అంతకు మించి కారణం లేదు.

యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఉంది. ప్రపంచంలో ఎక్కువమంది చూసే పది లక్షల వెబ్‌సైట్ల ముఖపత్రాలను ఏటా యంత్రంతో తనిఖీ చేస్తుంది. 2025 లెక్కలో నూటికి దాదాపు 95 ముఖపత్రాలలో తప్పులు దొరికాయి. ఆ తప్పులు కొత్తవేమీ కావు, ఏటా అవే: వెలిసిపోయినట్లుండే అక్షరాలు, పేరులేని బొమ్మలు, చీటీలేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ మీటలు. యంత్రం పట్టలేని తప్పులు వేరే.

చూపు సంగతే చెబుతున్నాము గాని, ఇది అంధుల గొడవ మాత్రమే కాదు. చెవులు వినిపించనివారికి వీడియో పాఠం కింద మాటలు అచ్చుగా రావాలి. చేతులు వణికేవారికి మౌసు లేకుండా పని జరగాలి. అక్షరాలు కలగాపులగంగా కనిపించే పిల్లలకు పాఠాన్ని వినే వీలుండాలి. డెబ్బై దాటిన మన తాతగార్లకు అక్షరం పెద్దది చేసుకుంటే పేజీ చెదిరిపోకూడదు. యంత్రం తనంతట తాను వేసే అచ్చుమాటలు చాలవా అంటారేమో; మన తెలుగు ప్రొఫెసర్లు ఇంగ్లీషు మాట్లాడుతుంటే ఆ యంత్రం ఏమి రాస్తుందో ఒకసారి చూడండి. కడుపుబ్బ నవ్వుకుంటారు. ఆ పాఠం మీద పరీక్ష రాయవలసిన బధిర విద్యార్థికి మాత్రం నవ్వు రాదు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. మనం ఈ దేశానికి రాకముందునుంచీ ఉన్నాయి. ఫెడరల్ ప్రభుత్వపు డబ్బు తీసుకునే ఏ సంస్థా వైకల్యం కారణంగా ఎవరినీ దూరం పెట్టరాదని 1973 నాటి పునరావాస చట్టంలో 504వ సెక్షను చెప్పింది. దాని నిబంధనల మీద సంతకం పెట్టకుండా ప్రభుత్వం నాలుగేళ్ళు నాన్చితే, 1977 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలో నూటికి పైగా వికలాంగులు మూడు వారాలకు పైగా బైఠాయించి సంతకం పెట్టించుకున్నారు. చక్రాల కుర్చీలలో వచ్చినవాళ్ళు నేల మీద పడుకున్నారు. తర్వాత 1990లో పెద్ద చట్టం, అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్టు వచ్చింది.

మన అర్కాన్సా కథ ఒకటి ఈ ఊరివారు తప్పక వినాలి. ప్రభుత్వ సొమ్ముతో కొనే కంప్యూటరు సామగ్రి చూపులేనివారికి కూడా పనికిరావాలని ఈ రాష్ట్ర శాసనసభ 1999లోనే, 1227వ నెంబరు చట్టం చేసింది. చాలా రాష్ట్రాలకన్న ముందు. చట్టం చేసిన రెండేళ్ళకు, 2001లో, అదే రాష్ట్ర ప్రభుత్వం జమాఖర్చులకూ జీతాలకూ ఒక పెద్ద కంప్యూటరు వ్యవస్థను వాడుకలోకి తెచ్చింది. అది అంధ ఉద్యోగుల స్క్రీన్ రీడర్లతో పనిచేయలేదు. ఇద్దరు అంధ ఉద్యోగులు కోర్టుకు వెళ్ళవలసివచ్చింది. వ్యవహారం ఏళ్ళ తరబడి సాగింది. చట్టం ఉంది, డబ్బు ఉంది, పేరుమోసిన సాఫ్ట్‌వేరు కంపెనీ ఉంది, కొనేముందు ఒక అంధుణ్ణి కూర్చోబెట్టి "ఇది నీకు పనిచేస్తుందా?" అని అడిగితే సరిపోయేది.

విశ్వవిద్యాలయాల మాటకు వస్తే, పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ మీద 2010లో అంధుల జాతీయ సమాఖ్య ఫిర్యాదు చేసింది. పాఠాల వెబ్‌సైటు, గ్రంథాలయపు జాబితా సరే; క్లాసుగదిలో ప్రొఫెసరు నిలబడే బల్లకు కూడా తాకుడు తెర పెట్టారు, అంధ ప్రొఫెసరు దాన్ని వాడలేడు. మరుసటి ఏడాది విశ్వవిద్యాలయం అన్నిటినీ సవరించడానికి ఒప్పందం రాసింది. తప్పు విద్యార్థికే కాదు, పాఠం చెప్పేవారికీ అడ్డమేనని ఆ ఫిర్యాదువల్ల తెలిసింది.

బర్క్‌లీ సంగతి ఇంతకన్న చిక్కుది. దాన్ని గురించి మా ఇంట్లో రెండు రాత్రులు వాదన జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖ తన పాఠాలను వేల సంఖ్యలో ఎవరైనా ఉచితంగా చూడవచ్చునని పెట్టింది. వాటికింద అచ్చుమాటలు లేవనీ, ఉన్నా తప్పులతడకలనీ గాలడెట్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఇద్దరు బధిరులు ఫిర్యాదు చేశారు. ఫిర్యాదులో నిజముందని 2016లో న్యాయశాఖ తేల్చింది. అప్పుడు విశ్వవిద్యాలయం ఏమి చేసిందయ్యా అంటే, 2017లో ఇరవై వేలకు పైగా పాఠాలను బయటివారికి కనిపించకుండా తీసేసింది. అందరికీ పెట్టలేము గనుక ఎవరికీ పెట్టమన్నమాట. మాలో ఒకరు, బంగారంలాంటి పాఠాలు పోయాయే, ఆ ఇద్దరూ ఊరుకునివుంటే బాగుండేదే అన్నారు. రెండవవారు, పంక్తిలో ఇద్దరికి విస్తరి వేయకుండా వందమందికి వడ్డించి, అదేమని అడిగితే విందే మానేయడం ఎవరి తప్పు అన్నారు. మా అమ్మాయి తీర్పు చెప్పలేదు. "పెట్టిననాడే మాటలు అచ్చువేసివుంటే ఎంత ఖర్చయ్యేది, ఇరవై వేలు పోగయ్యాక ఎంత ఖర్చు?" అని మాత్రం అడిగింది. ఆ వాదన చివరకు 2022లో న్యాయశాఖతో ఒడంబడికతో ముగిసింది. పాఠాలకు మాటలు చేర్చడానికి విశ్వవిద్యాలయం ఒప్పుకుంది.

హార్వర్డు, ఎం.ఐ.టి.ల మీద కూడా బధిరుల జాతీయ సంఘం 2015లో ఇలాంటి దావాలే వేసింది. 2019లో ఒకటి, 2020లో మరొకటి రాజీకి వచ్చాయి. ఎం.ఐ.టి. అనగానే మనవాడొకడు గుర్తుకు రావాలి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో 1991లో పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టు అంధుడు. పదవ తరగతి తర్వాత సైన్సు గ్రూపు చదువుతానంటే, బొమ్మలు గీయలేవు, వీల్లేదన్నారు. కోర్టుకు వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు. పుస్తకాలను ఎవరో చదివి రికార్డు చేసి ఇస్తే విని చదువుకున్నాడు. ఇక్కడికి వచ్చి ఎం.ఐ.టి.లో చేరిన తొలి విదేశీ అంధ విద్యార్థి అని పత్రికలు రాశాయి. తిరిగి హైదరాబాదు వెళ్ళి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, తనలాంటివారెందరికో పని చూపించాడు. 2024లో హిందీలో సినిమా కూడా వచ్చింది. సినిమా చూసి మనమందరం కళ్ళు తుడుచుకున్నాము. కాని పదవ తరగతి తర్వాత ప్రతి పిల్లా కోర్టు మెట్లెక్కలేదు గదా. ఎక్కనివారు ఏ గ్రూపులో కూర్చున్నారో మనకెవరికీ తెలియదు.

మన దేశంలో కూడా నీళ్ళు కదిలాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉన్నా, అందుబాటు ప్రమాణాలు పాటిస్తే పాటించవచ్చు, లేకుంటే లేదన్నట్లుగా నిబంధనలు ఉండేవి. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అలా కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయండని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన నివేదిక మన హైదరాబాదు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసినది. మన ఊరిలో తయారైన పని గనుక చెప్పుకోవడానికి సంతోషంగా ఉంది. 2025 ఏప్రిల్‌లో మరొక తీర్పులో, కంప్యూటరు సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమేనని అదే కోర్టు అన్నది.

ఇక్కడ న్యాయశాఖ 2024 ఏప్రిల్‌లో ప్రచురించిన నిబంధన ప్రకారం ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, కమ్యూనిటీ కాలేజీలు తమ వెబ్‌సైట్లనూ ఫోను ప్రోగ్రాములనూ ఒక నిర్ణీత ప్రమాణానికి తేవాలి. మనకు అరగంట దూరంలోని ఫేయట్‌విల్ విశ్వవిద్యాలయమైనా, మన ఊళ్ళోని కమ్యూనిటీ కాలేజీ అయినా ఈ కోవలోకే వస్తాయి. తాళం వేసివుండే క్లాసు పేజీలు కూడా ఇందులో చేరాయి, అది ముఖ్యం. గడువు తేదీలు ముందుకు జరిగినా వెనక్కు జరిగినా, 504వ సెక్షను 1973నుంచీ అలాగే ఉంది. గడువు రాలేదు గనుక ఇప్పుడే అడగరాదని ఎవరైనా అంటే నమ్మవద్దు.

ఇక మన మాట. ఈ సభలో ప్రోగ్రాములు రాసేవారూ, వాటిని పరీక్షించేవారూ, రాయించేవారూ ఎంతమందో చెయ్యెత్తమంటే హాలంతా చేతులే లేస్తాయి. ఈ దేశపు విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు, కొట్లు వాడే పేజీలలో మన చేతి రాత చాలా ఉంది. మేనేజరు అడగలేదు, ప్లానులో లేదు, తర్వాత చూద్దాం. ఈ మూడు మాటలూ మా ఇంట్లోనూ అన్నవే. ఇక కొందరు, పేజీ చివర ఒక్క వరుస అతికిస్తే చాలు, అన్నీ వాటంతటవే సరిపోతాయని ప్రకటనలు చేసి ప్రోగ్రాములు అమ్ముతున్నారు. అలా చెప్పుకున్న ఒక కంపెనీ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది. చీటీ కట్టవలసింది డబ్బా డబ్బాకూ; వంటింటి తలుపుకు బోర్డు తగిలిస్తే పప్పు దొరకదు.

మన సంచిక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పోయిన సంవత్సరాల సంచికలను ఇంట్లో మా అమ్మాయి స్క్రీన్ రీడరుకు ఇచ్చి చూశాము. ఇంగ్లీషు వ్యాసాలు చదివింది. తెలుగు పేజీ రాగానే ఇంగ్లీషు అక్షరాలనూ విరామ చిహ్నాలనూ కలిపి ఏదో గొణిగింది, అన్నమయ్య మీది వ్యాసం తాంత్రిక మంత్రంలా వినిపించింది. కారణమేమంటే, ఆ పాత ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగు అక్షరం, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరం. తెలుగుకు యూనికోడ్‌లో స్వంత స్థానం 1991లోనే దొరికింది. మనం ఇంకా పాత పద్ధతిలో అచ్చువేస్తున్నాము. కాగితం మీద చూసేవారికి తేడా లేదు. కాని తెలుగు చదవడం రాక వినాలనుకునే మన పిల్లలకు కూడా ఆ పేజీలు మూగవే. ఈ సంవత్సరం సంపాదకవర్గంవారు పెద్దమనసుతో యూనికోడ్‌కు మారారు. ఈ వ్యాసం చూపులేనివారు కూడా వినవచ్చు.

పిల్లలు పన్నెండవ తరగతికి వస్తున్న తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన సంగతి. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లకు ఏమి కావాలో కనిపెట్టి ఇవ్వడం బడి బాధ్యత. కాలేజీలో అలా కాదు. అక్కడ వైకల్యమున్న విద్యార్థి తనే వెళ్ళి, వైకల్య సేవల కార్యాలయంలో తన సంగతి చెప్పుకుని, కావలసినవి అడగాలి. తల్లిదండ్రులు వెళ్ళి అడిగితే, చట్టప్రకారం మీతో మాట్లాడలేమంటారు. మన పద్ధతి మీకు తెలుసు గదా, పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల తరఫున మనమే జవాబులు చెబుతాము. కనుక పదవ తరగతినుంచే అడగడం అలవాటు చేయించండి. తల వంచుకోకుండా, దబాయించకుండా. పుస్తకాలు చదవగల రూపంలో రావడానికి వారాలు పడుతుంది గనుక, సెమిస్టరు మొదలయ్యాక కాక అంతకు ముందే అడగాలి. బుక్‌షేర్ అనే గ్రంథాలయం ఉంది, అర్హులైన విద్యార్థులకు ఈ దేశంలో ఉచితం. వైకల్యమున్న సంగతి పైకి తెలిస్తే సంబంధాలకు అడ్డమని దాచిపెట్టే ఇళ్ళు మనలో ఉన్నాయి. ఆ పిల్లలు కార్యాలయం గుమ్మం తొక్కరు, పరీక్షలు తప్పుతారు, సోమరులని పేరు తెచ్చుకుంటారు. ఇలాంటి ఇద్దరిని మేము ఎరుగుదుము.

మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో రెండవ సంవత్సరం. ఆ రాత్రి దరఖాస్తు పెట్టిన చోట కాదు, మరొకచోట. చేరిన వారంలోనే రసాయనశాస్త్రం పాఠాల పేజీలో బొమ్మలకు పేర్లు లేవని ఉత్తరం రాసింది. మూడవ ఉత్తరానికి జవాబు వచ్చింది. ఆ ప్రొఫెసరుగారే స్వయంగా కూర్చుని ఒక్కొక్క బొమ్మకూ రెండు వాక్యాలు రాశారట. ఆ వాక్యాలు చదువుకున్నాకే తమకూ బొమ్మ అర్థమైందని చూపున్న విద్యార్థులు కొందరు అన్నారని మా అమ్మాయి చెప్పి నవ్వింది.

భోజనాలకు పిలుస్తున్నారు గనుక ముగిస్తాము. ఈ ఉత్సవానికి మీరంతా పేర్లు నమోదు చేసుకున్న మన సంఘం పేజీని మా అమ్మాయి చేత పరీక్ష చేయించాము. పదకొండు లోపాలు దొరికాయి, తొమ్మిది సరిచేశాము. భోజనం కూపన్ల మీట ఇంకా "బటన్" అనే అంటోంది. దాన్ని రాసిన కుర్రవాడు ముందు వరుసలోనే కూర్చున్నాడు, సిగ్గుపడుతున్నాడు, వచ్చే వారానికల్లా సరిచేస్తానన్నాడు. పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చడానికి తెలుగు టైపు వచ్చినవారు ఆరుగురు కావాలి. భోజనశాల రెండవ ద్వారం పక్కన మా అమ్మాయి ఒక బల్ల వేసుకుని సాయంత్రం ఆరు వరకు కూర్చుంటుంది. మీరు రాసిన పేజీ ఏదైనా ఉంటే ల్యాప్‌టాప్ పట్టుకురండి, మౌసు కారులోనే వదిలేసి రండి.